శ్రీశైలం రాసిన లైను

కంప్యూటర్ కోడులో ఏ మార్పు ఎవరు చేశారో గుర్తుపెట్టుకునే కమాండ్లు ఉంటాయట. వాటిని ఆబ్జెక్టులనే ముక్కలుగా మలిచి నడిపించే, లైబ్రరీ అనే ప్రోగ్రాము ఒకటి నా మనుమడు శ్రీశైలం రాశాడు. నిరుడు వాడు పోయాక, దాని మంచిచెడ్డలు వాడి భార్య స్నేహలత చూస్తోంది. నల్లగొండలో ఇప్పుడు మేమిద్దరమే.

ఫైలు పేరు తెలుగులో ఉంటే లైబ్రరీ ఆగిపోతోందని పొద్దున దాన్ని వాడేవాళ్లెవరో రాశారు.

"తెలుగు పంతులమ్మ మనుమడు తెలుగుకే జాగా ఇయ్యలేదా! జర దిద్దు బిడ్డా," అన్నాను.

"మార్చాల్సింది ఒక్క లైనే అవ్వా. పొద్దుగాల్నుంచి దాన్నే చూస్తున్న."

"చూస్తే దానంతటదే మారుతదా? నా క్లాసుల అయితే గోడకుర్చీ ఏయిస్తుంటి."

స్నేహలత ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. ప్రతి లైను పక్కనా దాన్ని చివరిసారి మార్చినవాళ్ల పేరుంది. అన్నిచోట్లా స్నేహలతే. ఒక్కచోట మాత్రం శ్రీశైలం.

"నేను దిద్దితే ఈడ ఆయన పేరు వోయి నా పేరొస్తది అవ్వా."

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎర్రసిరాతో ఎవరి తప్పునూ వదలనిదాన్ని. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచాను.

"ఉండనీ బిడ్డా. ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లే పెట్టుకొమ్మని రాయి వాళ్లకు. తెలుగు పంతులమ్మ చెప్పిందని రాయి."