పాత పట్టా

ఆ ఇల్లు హాన్ గారికి దూరమైన రోజున నది గడ్డకట్టి ఉంది. అంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఉత్తర కొరియాలో, ఆపిల్ చెట్ల మధ్య రెండు గదుల ఇల్లు. ఇప్పుడాయన సిడ్నీలో, పెండిల్ హిల్‌లో, బాలమురళి పక్కింట్లో ఒంటరిగా ఉంటున్నారు.

బాలమురళిది తుళ్ళూరు వైపు ఊరు. బ్యాంకులో ఇళ్ళ లోన్లు చూస్తాడు. అందుకే కాబోలు, ఒక సాయంత్రం ఫెన్స్ మీదుగా హాన్ గారు అతన్నే అడిగారు.

"రెండు కొరియాలూ కలిస్తే పాత పట్టాలు చెల్లుతాయా?"

"ఎందుకు చెల్లవు అంకుల్? జర్మనీలో చెల్లాయిగా. కాగితాలు పట్టుకొచ్చి పాత ఓనర్లు ఇళ్ళు వెనక్కి తీసుకున్నారు."

"మరి లోపల ఉన్నవాళ్ళు?"

"ఖాళీ చేయాల్సిందే. మీరేం దిగులు పెట్టుకోకండి. రాజధాని అనగానే మా దగ్గర ఎకరం ఎక్కడికి పోయిందో తెలుసా? బోర్డర్ తెరిస్తే మీదీ అంతే."

హాన్ గారు నవ్వలేదు. ఆరేసిన బట్టలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కనిపించినప్పుడల్లా అదే ప్రశ్న. మనిషి చిక్కిపోయారు. టీవీలో కొరియా మాట వినబడితే చాలు, ఫెన్స్ దగ్గరికి వచ్చి నిలబడేవారు.

"ఆశపడేవాళ్ళ మొహం అలా ఉండదండీ," అంది బాలమురళి భార్య సృజన.

"పెద్దాయన కదా. ఈలోపు తను ఉండనేమోనని టెన్షన్."

"మన రాష్ట్రం విడిపోతేనే లెక్కలింకా తేల్లేదు. మీరేమో రెండు దేశాల్ని కలిపేసి రిజిస్ట్రేషన్ కూడా చేయించేస్తున్నారు."

ఆ వారమే టీవీలో ఒక చర్చ వచ్చింది. కలిస్తే అయ్యే ఖర్చు ఒక తరం మోసినా తీరదట. దక్షిణ కొరియా కుర్రాళ్ళు ఆ పన్నులు మేం కట్టమంటున్నారట. బాలమురళికి మనసు చివుక్కుమంది. ఇంకొకరి నోట వినేకన్నా తను చెప్పడమే నయమనుకున్నాడు.

"సారీ అంకుల్. ఇప్పట్లో కలిసేలా లేవు. ఖర్చు భరించలేరట."

హాన్ గారు రెండు చేతులతో ఫెన్స్ పట్టుకున్నారు.

"మంచిది," అన్నారు.

"మంచిదా? మరి మీ ఇల్లు?"

"ఆ ఇల్లు సర్కారు వేరేవాళ్ళ దగ్గర లాక్కుని మాకిచ్చింది. దాని పట్టా సియోల్‌లో ఎవరి బీరువాలోనో ఉంది, ఇంట్లో నేను వదిలేసి వచ్చిన నా కూతురుంది, ఎప్పటికైనా ఎవరో వచ్చి ఖాళీ చేయమంటారని అమ్మాయికి చెప్పే దారి నాకింకా దొరకలేదు."