ఎడమ వైపు

"ఈ హెడ్‌ఫోన్‌లో ఎడమ వైపు సౌండ్ తక్కువగా ఉంది," అన్నాడు శశికాంత్.

గోపాల్ ముఖం చిన్నబోయింది. దాన్ని కొని వారం కూడా కాలేదు.

అమెరికాలోని నోవై ఊళ్ళో గోపాల్ ఇంటి బేస్‌మెంట్ అది. 2012 ఫిబ్రవరి. బయట మంచు కురుస్తోంది. పాటల పిచ్చి ఉన్నవాళ్ళంతా తమ తమ ఖరీదైన హెడ్‌ఫోన్లు తెచ్చి టేబుల్ టెన్నిస్ బల్ల మీద పరిచారు. ఒకే పాటని ఒక్కోదాంట్లో విని, ఏది మేలో వాదించుకోవడం వాళ్ళ శనివారం సరదా.

అక్కడ శశికాంత్ మాటంటే అందరికీ గురి. ఉద్యోగం కార్ల కంపెనీలో. ప్రాణం మాత్రం ఇంట్లో పెట్టుకున్న చిన్న స్టూడియోలో. హైదరాబాద్‌లో తీస్తున్న ఒక సినిమా పాట మిక్సింగ్, గొంతునీ వాయిద్యాలనీ సమంగా కలిపే పని, మొదటిసారి అతని చేతికొచ్చింది.

"ఈ నల్లది వినడానికి హాయిగా ఉంటుంది అన్నా. బేస్ కాస్త కలిపి తియ్యగా వినిపిస్తుంది. స్టూడియో పనికి ఆ తీపి పనికిరాదు. పాటలో తప్పుంటే తప్పు వినపడాలి. నీ వెండి రంగుది ఉన్నదున్నట్టు చెబుతుంది. కాకపోతే లెఫ్ట్ డల్."

"మరి నల్లదాంట్లో?"

"అందులోనూ కొంచెం డల్లే."

బల్ల చివర కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు.

పేరు శేషగిరి. గుడిలో పరిచయమైతే గోపాలే రమ్మన్నాడు. ఇందాక శశికాంత్ వెనక నుంచి నమస్కారం చెబితే ఆయన పలకలేదు. పొగరు కాబోలనుకున్నాడు శశికాంత్.

ఆయన వెండి రంగు హెడ్‌ఫోన్ తీసుకున్నాడు. తలకు పెట్టుకోలేదు. పాట నడుస్తుండగా రెండు వైపులా వేళ్ళు ఆనించి చూశాడు. తర్వాత దాన్ని అటూ ఇటూ మార్చి, ఎడమది కుడి చెవికి వచ్చేలా శశికాంత్ తలకు పెట్టాడు.

"ఇప్పుడు ఏ వైపు తక్కువ?" ఆయన గొంతు అవసరమైనదానికంటే పెద్దగా ఉంది.

శశికాంత్ విన్నాడు.

"ఎడమ వైపే."

"అయితే హెడ్‌ఫోన్ బాగానే ఉంది బాబూ. నీ చెవే బాగాలేదు."

ఎవరో నవ్వారు.

"జలుబు అంకుల్. మొన్న లేచినప్పటి నుంచి దూది పెట్టినట్టుంది. అదే పోతుంది."

"పోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఇవాళే వెళ్ళు."

"పాట ఇచ్చేయాలి అంకుల్. అదయ్యాక వెళ్తాలే," అంటూ శశికాంత్ పక్కకి తిరిగాడు.

శేషగిరి అతని భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"నా ముఖం చూసి చెప్పు. వెళ్తావా?"

అందరూ చూస్తున్నారు. శశికాంత్‌కి తల కొట్టేసినట్టయింది.

"సౌండ్ గురించి మీకేం తెలుసని అంకుల్ నాకు చెబుతున్నారు?"

శేషగిరి చెయ్యి తీసేశాడు. కోటు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

శశికాంత్ నెల రోజులకి పాట పూర్తి చేశాడు. సమంగా వినపడేదాకా ఎడమ వైపు పెంచుకుంటూ పోయాడు. పంపించేశాడు.

డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"ఏంటి బ్రదర్, పాడే అమ్మాయి ఎడమ మూలన నిలబడి పాడుతున్నట్టుంది! పాట మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది."

శశికాంత్ మళ్ళీ విన్నాడు. అతనికి ఆ గొంతు సరిగ్గా మధ్యలోనే ఉంది.

హెడ్‌ఫోన్ తీశాడు. అటూ ఇటూ మార్చి పెట్టుకున్నాడు.

ఇప్పుడు గొంతు పూర్తిగా కుడి వైపుకి వెళ్ళిపోయింది.

అప్పుడు వెళ్ళాడు డాక్టర్ దగ్గరికి.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడి చెవికి నొక్కాడు. ఎడమ చెవి వంతు వచ్చాక బటన్ మీద బొటనవేలు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?" అడిగాడు డాక్టర్.

"నెల దాటింది."

డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. ఉన్నట్టుండి చెవి ఇలా వినపడకుండా పోతే మొదటి రోజుల్లోనే రావాలన్నాడు. అప్పుడు మందులిస్తే చాలామందికి వినికిడి తిరిగొస్తుందన్నాడు. ఇప్పుడు ఆశ తక్కువన్నాడు.

"ఓకే. థాంక్యూ," అన్నాడు శశికాంత్.

కార్‌లో కూర్చున్నాడు. ఎడమ చెవి దగ్గర వేళ్ళు రుద్దుకుని చూశాడు. ఏమీ లేదు. ఏడుపూ రాలేదు. పాట వేరేవాళ్ళకి ఇచ్చేశామని మెసేజ్ వచ్చింది. చదివి ఫోన్ పక్కన పెట్టాడు. అద్దం మీద మంచు పేరుకుంటోంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

చాలాసేపటికి గోపాల్‌ని నంబర్ అడిగి, శేషగిరి ఇంటికి ఫోన్ చేశాడు. కుడి చెవికి పెట్టుకున్నాడు.

ఒక ఆడగొంతు పలికింది.

"శేషగిరి గారున్నారా అండీ?"

"ఉన్నారు. నేను వాళ్ళావిడని. ఎవరు బాబూ?"

"శశికాంత్ అంటారు ఆంటీ. గోపాల్ గారింట్లో కలిశాం. డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. పైగా మాట తూలాను. సారీ చెప్పాలి. ఒక్కసారి ఆయనకి ఫోన్ ఇస్తారా?"



"చెవి పోయిందా నాయనా?"

"పోయింది ఆంటీ."

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. ఆ పిల్లాడు వెళ్ళడే, వెళ్ళడే అంటూ కూర్చున్నారు. నువ్వొకసారి ఇంటికి రా. ఎదురుగా కూర్చుని మాట్లాడుదువుగాని."

"వస్తాను ఆంటీ. ముందు ఫోన్‌లో ఒక్క మాట..."

"ఫోన్‌లో కుదరదు బాబూ," అందావిడ. "మద్రాసులో పాటలు రికార్డు చేసే రోజుల్లో ఆయనా నీలాగే, చేతిలో ఉన్న పాట అయ్యాక చూపించుకుంటానన్నారు, ఆ పాట బయటికొచ్చేసరికి రెండు చెవులూ పోయాయి, అదెలా ఉందో ఇంతవరకు వినలేదు."