అదరని పెట్టె

పెట్టెలాయన స్క్రూ బిగిస్తుండగా తలుపు దబదబా మోగింది.

వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. స్పీకర్లకు ప్లైవుడ్ పెట్టెలు చెయ్యడం ఆయనకు పిచ్చి. ఆఫీసులో బాసు, ఇంట్లో బేసు. బాసును తగ్గించలేడు, బేసును పెంచకుండా ఉండలేడు.

తలుపు తీస్తే పక్కవాటాలో కొత్తగా దిగిన ముసలాయన.

"గోడ అదురుతోంది!" అని అరిచాడు.

"తగ్గిస్తానండీ."

"గోడ! అదురుతోంది!"

అరుస్తూనే లోపలికొచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

"అయ్యో, వార్నిష్ పచ్చిగా ఉంది! చెయ్యి తియ్యండి!"

తియ్యలేదు. పైగా నవ్వాడు.

పెట్టెలాయనకు ఒళ్ళు మండింది. భుజం పట్టుకుని గుమ్మం దాటించి తలుపేశాడు.

"ఎవరండీ?" వంటింట్లోంచి భార్య.

"పక్కాయన. పక్కా రౌడీ!"

"ఇంకేం! ఇంకొక్క ఫిర్యాదు వస్తే పెట్టెలతో పాటు పెట్టేబేడా సర్దుకోమని ఇంటివాడు మొన్నేగా చెప్పాడు. వినేది మీరొక్కరు, విసుక్కునేది వీధంతా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇన్నేళ్ళలో ఆయన పాట పెడితే చివరిదాకా కూర్చుని విన్నవాడు లేడు. స్నేహితులు వచ్చినా పెట్టె నునుపు మెచ్చుకుని, కాఫీ తాగి పోయేవాళ్ళే. ఇప్పుడు ఈ ఇల్లు కూడా పోతే పెట్టెలు కట్టెల పాలే.

ఆదివారం పొద్దున్నే పనిలో దిగాడు. పెట్టెల్ని గోడకు బిగించిన బోల్టులు ఊడదీశాడు. లోపల అడ్డకర్రలు కొట్టాడు. అడుగు అరలో ఇసుక నింపాడు. కింద రబ్బరు దిమ్మలు పెట్టి, పక్కవాటా వైపు గోడంతా స్పాంజి అతికించాడు.

పెట్టె మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి పాట హోరెత్తించాడు.

నీళ్ళు తొణకలేదు.

"చూశావుటే! పాటకూ తాళమే, పక్కాయన నోటికీ తాళమే!"

మర్నాడు పాట నడుస్తుండగా గోడ అవతలినుంచి ఎవరో తట్టారు. మెల్లగా.

"గ్లాసులో నీళ్ళే కదలడం లేదు, ఈయనకేం కదులుతోందట?"

స్పాంజి మీద ఇంకో పొర స్పాంజి వేశాడు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు తట్టడం వినిపించింది. ఆపైన ఆగిపోయింది.

"గెలిచాం," అన్నాడు భార్యతో.

తర్వాత ఒక సాయంత్రం, పెద్దావిడ ఒకామె గుమ్మంలో నిలబడింది.

"పక్కవాటా ఆయన చెల్లెల్ని బాబూ. అన్నయ్య పోయాడు. సామాన్లు తీసుకెళ్దామని వచ్చాను."

పెట్టెలాయన గతుక్కుమన్నాడు. పోయిన మనిషి ఫిర్యాదు ఏదైనా మిగిల్చి పోయాడేమోనని భయం వేసింది.

"గోడ సంగతైతే, ఇప్పుడు అస్సలు అదరదమ్మా. కావాలంటే చూడండి."

ఆవిడ స్పాంజి గోడను చూసింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"అయితే మీరు బాగానే ఉన్నారన్నమాట."

"నాకేమైందమ్మా?"

"రెండు చెవులూ ఎప్పుడో పోయినవాడు బాబూ మా అన్నయ్య, మీరు పాట పెట్టినప్పుడల్లా గోడకు చెంప ఆనించి చివరిదాకా కూర్చునేవాడు, ఆ అదురు ఆగిపోయాక, 'పాటలాయనకు ఏమైందో, ఒక్కసారి చూసి రావే' అని పోయే ముందు కూడా నన్ను పోరు పెట్టాడు."