బహుశా లేని వైద్యం

అంగీకార పత్రం మూడో పేజీలో తొమ్మిదో ‘బహుశా’ తగిలేసరికి ప్రూఫ్ రీడరమ్మకు ఒళ్లు మండింది. ఆ మాట కనబడితే చాలు, ముప్పై ఏళ్లుగా కొట్టిపారేస్తున్న చెయ్యి ఆమెది.

కంటి ఆస్పత్రి హాల్లో కూర్చుని, భూతద్దం పట్టుకుని, కాగితాన్ని ఓరగా చూస్తూ చదువుతోంది. నేరుగా చూస్తే నల్ల మచ్చే. రెటీనా మధ్యలో పాడైపోయి, ఎదుటి మనిషికి చెవులు కనిపిస్తాయి కానీ మొహం కనిపించదు. ఈ మచ్చ ఇంకా పెరిగితే ఆమెకిక అక్షరాలూ లేవు, ఉద్యోగమూ లేదు.

మూలకణాల నుంచి పెంచిన కణాల్ని ఒక్క కంట్లోనే పెడతారట, అదీ బాగా చెడిన కంట్లో. ఏడాది చూశాక రెండోదాని సంగతట. చూపు బహుశా పెరగదు, బహుశా తగ్గకుండా ఆగుతుంది.

“ఇది వైద్యమా, వాతావరణ వార్తలా?” అని పైకే అనేసింది. పక్క కుర్చీలోంచి ఎవరో నవ్వారు.

దర్జీనని చెప్పుకున్నాడు. హాల్లో చాలామందిలాగే నల్లద్దాలు పెట్టుకున్నాడు. తనదీ ఇదే జబ్బట. ఇక్కడి డాక్టరు నసుగుడు భరించలేక వేరే క్లినిక్కుకి వెళ్లాడట. అక్కడ పొట్ట కొవ్వులోంచి కణాలు తీసి, ఒకే పూట రెండు కళ్లకూ సూదేసి పంపారట. నలభై ఏళ్లలో తన కొలత ఒక్కటీ తప్పలేదనీ, చొక్కా బిగుతైతే అది తొడుక్కున్నవాడి ఒళ్లు పెరగడం వల్లేననీ కూడా చెప్పాడు. ఇంత ఖచ్చితమైన మనిషంటే ఆమెకు ముచ్చటేసింది.

“మరి ఇక్కడికెందుకొచ్చారు అన్నయ్యగారూ?”

“కాస్త మంటగా ఉంటే చుక్కల మందు కోసం. ఇంతోటి దానికి వీళ్లు చాలు.”

“అక్కడ గట్టిగా మాటిచ్చారా?”

“బహుశా అన్నమాటే వాళ్ల నోట రాలేదు చెల్లెమ్మా. నూటికి నూరన్నారు.”

అదీ భాషంటే, అనుకుంది. లేచి వెళ్లి, సంతకం లేని కాగితాన్ని నర్సు బల్ల మీద పడేసింది. ఈ ప్రయోగ చికిత్సకి ఉన్నది ఒక్కటే ఖాళీ, వద్దంటే తర్వాతి వాళ్లకి పోతుంది, ఆలోచించుకోమంది నర్సు. పోనివ్వమంది ఈవిడ. ధైర్యం లేని డాక్టరు చేతిలో కన్ను పెట్టడానికి తనకేం మతి పోలేదని అందరికీ వినబడేలా అంది. నర్సు ఆమె పేరు కొట్టేసి ఇంకొకర్ని పిలిచింది.

తిరిగొచ్చి క్లినిక్కు నంబరు అడిగి రాసుకుంది. దర్జీ లేచి నిలబడి, చెయ్యి గాల్లోకి చాచి, మొదటిసారి గొంతు తగ్గించాడు.

“కాస్త పట్టుకో చెల్లెమ్మా, నాకు పగలో రాత్రో కూడా తెలీట్లేదు.”