మిగిలిన పిన్ను

“ఇది నా దగ్గరే ఉండిపోయింది సార్.”

మెకానిక్ జేబులోంచి చిన్న ఇనుప పిన్ను తీసి బల్ల మీద పెట్టాడు. దర్యాప్తు అధికారి కళ్లజోడు సర్దుకుని చూశాడు.

“ఎక్కడిది?”

“విమానం తోకలో బోల్టుది. నట్టు బిగించాక ఇది గుచ్చి కొసలు వంచాలి. లేకపోతే గాల్లో అదురుకి నట్టు ఊడిపోతుంది. ఇక విమానం పైలట్ మాట వినదు.”

“ఎప్పుడు చూసుకున్నావు?”

“ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మార్చుకుంటుంటే చేతికి తగిలింది. అప్పటికే విమానం కూలిపోయింది.”

అతని గొంతులో వణుకు లేదు. పైలట్ శవపేటికను మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. అప్పుడూ ఏడుపు రాలేదు. తొమ్మిది రోజులుగా భార్య పెట్టింది తింటున్నాడు కానీ ఏం తింటున్నాడో తెలియడం లేదు. “మీరు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ? పిల్లల ముఖమైనా చూడండి,” అంటూ పొద్దున ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. అతను పక్కనుంచి తప్పుకుని వచ్చేశాడు.

“జైలుకు సిద్ధపడే వచ్చాను సార్.”

అధికారి ఫైలు తెరిచి ఒక ఫొటో అతని వైపు తిప్పాడు. మసిబారిన తోక ముక్క. అందులో బోల్టు. బోల్టుకు పిన్ను. కొసలు వంచినవి వంచినట్టే ఉన్నాయి.

“పొద్దున్నే రిపోర్టు వచ్చింది. ఇంజిన్లో పక్షి పడింది. తోకలో ఏ లోపమూ లేదు.”

“మరి ఇది?”

“స్టోరు వాళ్లు ఒకటి ఎక్కువ ఇచ్చుంటారు. చెయ్యని తప్పు నెత్తినేసుకుని తొమ్మిది రోజులు చచ్చి బతికావు కదయ్యా! ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకో.”

మెకానిక్ బయటికొచ్చి భార్యకు ఫోను చేశాడు.

“నా వల్ల కాదట.”

అవతల ఆమె భోరుమంది. అతను ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు.

పక్కనే విమానాల షెడ్డు ముందు సందడిగా ఉంది. ప్రమాదం తర్వాత ఆపేసిన విమానాలను మళ్లీ ఎగరనిస్తున్నారు. మొదటిది పరుగు తీసి, నేల విడిచి, మబ్బుల్లోకి దూసుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.

ఫోర్‌మన్ వచ్చి అతని భుజం తట్టాడు.

“గండం గడిచిందిరా. నీ చేతి పని మీద నాకెప్పుడూ నమ్మకమే. అందుకే పట్టుబట్టి మరీ ముందు దాన్నే పంపించాను.”

“దేన్ని?”

“ఆ రోజు నువ్వు తోక బిగించిన రెండోదాన్ని.”