ఒక్కడూ మునగలేదు

షంషేర్‌కి నార్వేలో సీటొచ్చింది. సముద్రంలో బతికే జీవాల మీద రెండేళ్ళ చదువు, స్కాలర్‌షిప్పుతో సహా. తిరువూరు బజారులో గాజుల కొట్టు నడిపే వాళ్ళమ్మ కరీంబీ, ఆ వారమంతా కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ టీ ఇప్పించి మరీ చెప్పింది.

సీటిచ్చినట్టు వచ్చిన ఉత్తరం రెండో పేజీలో మాత్రం ఒక మెలిక ఉంది. విద్యార్థులు పడవల్లో తిరగాలి గనక, ఈత వచ్చినట్టు ప్రభుత్వాధికారి చేత రాయించిన సర్టిఫికెట్టు జూన్ నెలాఖరులోగా అందాలి. అందకపోతే సీటు వేరేవాళ్ళకి పోతుంది.

షంషేర్ జువాలజీలో ఫస్టుక్లాసు. రెండువందల చేపల పేర్లు లాటిన్‌లో గడగడా చెప్పగలడు. ఈత మాత్రం రాదు.

అప్పటికే మే నెల సగం గడిచిపోయింది. తల్లీకొడుకులు బస్సెక్కి వినగడప వెళ్ళి అంకారావుని పట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమందికి తన పొలంలోని దిగుడుబావిలో ఈత నేర్పింది ఆయనే.

"బావి లోతెంత అన్నయ్యా?" అడిగింది కరీంబీ.

"ముప్ఫై అడుగులమ్మా."

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. "నాకు ఒక్కడే కొడుకు."

"భయపడకమ్మా. ఈ ఏడు నా దగ్గర ఆరుగురు నేర్చుకున్నారు. ఒక్కడూ మునగలేదు."

అయినా ఆవిడ కొడుకు మెడలో ఒక తాయెత్తు కట్టింది.

మర్నాటినుంచి షంషేర్ నడుముకి సొరబుర్ర కట్టుకుని మెట్లు దిగేవాడు. గట్టుమీంచి అంకారావు కేకలేసేవాడు. "చేతులు ముందుకి చాపు. కాళ్ళాడించు. ఊపిరి బిగబట్టు."

మొదటి రోజే మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోయాయి. షంషేర్‌కి ఏడుపొచ్చింది. నార్వే గుర్తొచ్చి పళ్ళు బిగించాడు.

"సముద్రానికి పోయేవాడివి, ఆ మాత్రం ఓర్చుకోవా?" అన్నాడు అంకారావు.

వారానికి సొరబుర్ర విప్పేశారు. షంషేర్ మునగలేదు. ఆ పూట అతని సంతోషం ఇంతా అంతా కాదు. పదో రోజుకల్లా ఈ గోడ నుంచి ఆ గోడకి వెల్లకిలా కూడా వెళ్ళొస్తున్నాడు.

ఇక మిగిలింది సంతకం. తిరువూరు ప్రభుత్వ పశువుల డాక్టరు రాయప్ప మహా ఖచ్చితమైన మనిషి. చచ్చిన గేదెకైనా సరే, స్వయంగా వచ్చి చూస్తేగానీ కాగితం రాసివ్వడు.

జూన్ మొదటి వారంలో ఆయన వచ్చాడు. గొడుగు పట్టుకుని గట్టుమీద నిలబడి, కిందికి తొంగిచూశాడు. షంషేర్ ప్రాణాలు పణంగా పెట్టినట్టు పది చుట్లు ఈదాడు.

"ఇంకో రెండు," అన్నాడు డాక్టరు.

షంషేర్ ఆ రెండూ ఈది, రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. రాయప్ప కాగితం అందుకుని మూడుసార్లు చదివాడు. పెన్ను తీశాడు.

సంతకం చేసి, పెన్ను జేబులో పెట్టుకుంటూ మెచ్చుకోలుగా అన్నాడు: "చుక్క నీళ్ళు లేని బావిలోనే ఇంత బాగా ఈదాడంటే, నీళ్ళుంటే ఈ కుర్రాడు మనకి దొరుకుతాడా అంకారావు గారూ?"