బదులు మనిషి

“నీ బదులు మనిషి చేతిలో ఏం మహిమ ఉందో గానీ ఆయమ్మా, ఈ పది రోజులూ ఆఫీసు అద్దంలా మెరిసిపోయిందనుకో!” అన్నాడు అటెండరు.

ఆయమ్మ పొంగిపోయి, కంటి ఆపరేషనుకు ఇచ్చిన నల్లద్దాలు సర్దుకుంది. మూడో అంతస్తులోని ఆ ఆఫీసును పందొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే ఊడుస్తున్నది ఆమే. సెలవు కావాలంటే తన మనిషినే బదులు పంపాలి. మూడు రోజులు చీపురు పడకపోతే పని ఇంకొకరికి పోతుంది. అది కాంట్రాక్టరు పెట్టిన నియమం. అందుకే ఆడపడుచును గడ్డం పట్టుకుని బతిమాలి, ఒప్పించి మరీ ఆసుపత్రికి వెళ్లింది.

“కొత్త ఆఫీసరు ఏమీ అనలేదు కదా?”

“ఆయనా? వచ్చి రెండు నెలలైంది, బల్ల మీద వేలితో గీసి చూడని రోజుందా? అలాంటిది ఈ పది రోజులూ నోరు మెదపలేదు. పాపం, బీరువా తలుపు పడి అరచేతికి దెబ్బ తగిలిందట. ఆ నొప్పిలో దుమ్ము సంగతి మర్చిపోయుంటాడు.” అటెండరు గొంతు తగ్గించాడు. “ఈమధ్య ఏడు కాకముందే వచ్చి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుంటున్నాడు. ఇంట్లో పెళ్లాం పోరు కాబోలు!”

ఆయమ్మ నవ్వుకుంటూ చీపురు అందుకుంది. బీరువా వెనక మూల ఊడుస్తుంటే చీపురు పుల్లలకు ఏవో చుట్టుకున్నాయి. తీసి చూసింది. తడిసి ముద్దయిన పేపరు ముక్కలు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

తడి కాగితాలు చల్లి ఊడిస్తే దుమ్ము లేవదు. ఆ కిటుకు నేర్పింది ఆమెకు ముందు ఇక్కడ ఊడ్చినావిడ. అందరూ పెద్దమ్మ అనేవారు. ఈ భవనంలో ఇంకెవరికీ అది తెలియదు. మిగతా అంతస్తుల వాళ్లంతా దుమ్ము రేపి తుమ్మేవాళ్లే. పెద్దమ్మ కిటుకుతో పాటు ఒక ఒట్టు కూడా అప్పగించి వెళ్లింది. మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న కొడుకును చూపించి, “చీపురు నాతోనే ఆఖరు. వాడి చేతికి తగలనివ్వను. నువ్వూ నీ కొడుకును అలాగే పెంచు” అంది. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఎప్పుడు ఫోను చేసినా మొదట అడిగేది ఒకటే: “మీవాడు చీపురు ముట్టుకోలేదు కదే?”

సాయంత్రం తిన్నగా ఆడపడుచు ఇంటికి వెళ్లింది.

“తడి కాగితాల సంగతి నీకెవరు చెప్పారే?”

“కాగితాలేంటి వదినా?” అని ఆమె తెల్లమొహం వేసింది. అంతలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. “రెండో రోజే నడుం పట్టేసింది. నీ కంటికేమో కట్టు. చెప్తే బెంగపడతావని ఊరుకున్నాను. నీ పని పోయిందేమోనని ఎనిమిది రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు.”

“మరి ఎనిమిది రోజులు ఊడ్చిందెవరు?”

“ఊడ్చారా?” అంది ఆడపడుచు.

ఆయమ్మకు బుర్ర తిరిగింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. చిన్నప్పుడు తన వెంట వచ్చి కాగితాలు తడపడం చూసినవాడు ఒకడున్నాడు.

ఇంట్లో కొడుకు పరీక్షల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది వాడొక్కడే.

“చేతులు చాపరా!”

వాడు చాపాడు. చీపురు అలవాటు లేనివాడు నాలుగు రోజులు ఊడిస్తే బొటనవేలి మొదట్లో బొబ్బలు లేస్తాయి. ఆమె తిప్పి తిప్పి చూసింది. మెత్తగా, దూదిలా ఉన్నాయి.

“ఆఫీసు ఊడ్చింది నువ్వేనా?”

“నేను వెళ్తానంటే నీ మీద ఒట్టు వేయించుకున్నావుగా! అయినా పొద్దున ఆరింటికి, ఏడింటికి, ఎనిమిదింటికి నీ కంట్లో చుక్కలు వేసిందెవరు? దయ్యమా?”

నిజమే. ఆమె మంచం మీద కూలబడింది.

“ఒకటి చెప్పమ్మా. నువ్వు చేస్తే పని, నేను చేస్తే పరువు తక్కువా? నాకది ఎప్పటికీ అర్థం కాదు.”

“నీకు అర్థం కాకూడదనే చదివించాను” అంది ఆయమ్మ.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు కాగితం పట్టుకుని ఆఫీసరు గది ముందు నిలబడింది. బదులు మనిషి పది రోజులూ వచ్చిందని ఆయన సంతకం పెట్టాలి. పెట్టించుకుంటే అబద్ధం. నిజం చెబితే పని పోతుంది. అయినా లోపలికి వెళ్లింది.

“ఏంటది?” అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా.

“అయ్యా, మా ఆడపడుచు రెండు రోజులే వచ్చింది. మిగతా రోజులు ఎవరొచ్చారో నాకూ తెలీదు. మావాడు కాదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కట్లేదు. మీరేం చేసినా సరే, అబద్ధం మీద మాత్రం సంతకం అడగలేను.”

ఆయన చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. అరచేతి ప్లాస్టరు ఒక అంచున ఊడి వేలాడుతోంది. దాని కింద, బొటనవేలి మొదట్లో, రెండు గుండ్రటి బొబ్బలు.

ఆయమ్మ నల్లద్దాలు తీసి మళ్లీ చూసింది. చేతిని చూసింది, ఆ తర్వాత మొహాన్ని చూసింది.

ఆయన సంతకం పెట్టాడు. లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కాగితం ఆమె చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

“మా అమ్మ ఫోను చేస్తే మాత్రం ఈ సంగతి చెప్పకక్కా.”